చేత్తో రంగులద్దిన పాత రేకు బొమ్మ రైలు: కొనేముందు ఏం చూడాలి, కొన్నాక ఎలా కాపాడుకోవాలి

"ఇది అసలుదేనా అండీ? ఎంతకు తీసుకోవచ్చు?" అంటూ హైదరాబాద్ నుంచి, విశాఖ నుంచి, న్యూజెర్సీ నుంచి ఫోటోలు వస్తూనే ఉంటాయి. ఒక్కొక్కరికీ జవాబు రాస్తూ పోతే అదే మాట మళ్లీ మళ్లీ రాయాల్సి వస్తోంది. పైగా ఫోటో చూసి తేల్చగలిగేది సగమే. మిగతా సగం వస్తువును చేతిలోకి తీసుకుని, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూస్తేనే తెలుస్తుంది. ఎక్కడ తిప్పాలో, ఏం వెతకాలో ఇక్కడ వరసగా చెబుతాను.

నేను ఉండేది స్టుట్‌గార్ట్‌లో. మేర్క్లిన్ అనే బొమ్మల సంస్థ 1859లో మొదలైన గోపింగెన్‌కు ఇక్కడి నుంచి రైల్లో గంట కూడా పట్టదు. అందువల్ల నేను చెప్పేది ముఖ్యంగా జర్మనీ రైళ్ల గురించే: గోపింగెన్ మేర్క్లిన్, న్యూరెంబర్గ్‌లో బింగ్, కారెట్, కార్ల్ బూబ్. సుమారుగా 1880ల నుంచి 1920ల దాకా వచ్చినవి. అమెరికాలో ఐవ్స్, లయొనెల్ బొమ్మలు కొనేవారికి కూడా ఈ పరీక్షలు చాలావరకు పనికొస్తాయి.

ఒక్క సంగతి ముందే మనసులో పెట్టుకోండి. రేకు రైలు అంటాం గానీ, అది తగరంతో కలాయి పూసిన ఇనుప రేకు. దాన్ని కత్తిరించి, వంచి, టంకం పెట్టి అతికి, దానిపై ఎనామిల్ రంగు వేసి, గీతలన్నీ కుంచెతో గీసేవారు. ఆ కుంచె పట్టింది ఎక్కువగా ఆడవాళ్లు. వాళ్ల పేర్లు ఎక్కడా మిగల్లేదు, మిగిలింది ఆ గీతే. మీరు డబ్బిచ్చేదీ ఆ రంగుకే. కింది సూచనలన్నీ ఆ రంగు చుట్టూనే తిరుగుతాయి.

దగ్గర ఉండాల్సినవి

- పదింతలు పెద్దగా చూపించే భూతద్దం
- చిన్న అయస్కాంతం, దానికి చుట్టడానికి మెత్తటి గుడ్డ
- మామూలు టార్చి ఒకటి, నోట్లు పరీక్షించే అతినీలలోహిత టార్చి ఒకటి
- వెర్నియర్ కాలిపర్, అది లేకపోతే మిల్లీమీటర్ల స్కేలు
- నైట్రైల్ తొడుగులు (నూలు తొడుగులైతే రేకు అంచులకు పట్టుకుని పెచ్చులు లాగేస్తాయి)
- మెత్తటి వెంట్రుకల కుంచె, ఇయర్ బడ్స్, డిస్టిల్డ్ వాటర్
- నోటుబుక్కు

1. మొదటిసారి ఇంజిన్ కొనకండి

అందరికీ ముందు ఇంజిన్ మీదే కన్ను పడుతుంది. నకిలీలూ, అతుకులూ, మార్చిన భాగాలూ ఎక్కువగా ఉండేది కూడా అందులోనే. మొదట ఒక గూడ్సు వ్యాగన్ కొనండి, లేదంటే ఒక ప్రయాణికుల పెట్టె. ధర తక్కువ, కదిలే భాగాలు తక్కువ. పెట్టె పక్కలు వెడల్పుగా ఉంటాయి కాబట్టి రంగును చదవడం నేర్చుకోవడానికి అంతకంటే మంచి పలక దొరకదు.

2. కొనేముందు అసలువి చూడండి

న్యూరెంబర్గ్‌లో 1971లో తెరిచిన బొమ్మల మ్యూజియం ఉంది. గోపింగెన్‌లో మేర్క్లిన్ వారి సొంత మ్యూజియం ఉంది. పెన్సిల్వేనియా దగ్గర్లో ఉన్నవారైతే స్ట్రాస్‌బర్గ్‌లోని బొమ్మ రైళ్ల మ్యూజియానికి వెళ్లండి. అది 1954లో ఏర్పడిన ట్రైన్ కలెక్టర్స్ అసోసియేషన్‌ వారిది. ఆ సంఘమే అదే రాష్ట్రంలోని యార్క్‌లో ఏటా ఏప్రిల్‌లో, అక్టోబరులో పెద్ద సంత జరుపుతుంది. హైదరాబాద్‌లో ఉంటే సాలార్‌జంగ్ మ్యూజియం బాలల విభాగంలో ఒక పూట గడపండి. పాత రంగు ఎలా మెత్తబడుతుందో, లోహం ఎలా నల్లబడుతుందో కంటికి అలవాటవుతుంది.

అయితే మ్యూజియంలో అద్దం అడ్డు. చేత్తో పట్టుకునే అవకాశం వేలం ఇళ్ల ప్రదర్శన రోజున దొరుకుతుంది. పాట పాడకపోయినా సరే, వెళ్లి అడిగితే చేతికిస్తారు. అలా నాలుగైదు చోట్ల పట్టుకుని చూశాక మీకే తేడా తెలుస్తుంది.

3. కొలత చూడండి

మేర్క్లిన్ 1891లో లైప్జిగ్ సంతలో పట్టాల వెడల్పులకు అంకెలు పెట్టింది. తర్వాత తక్కినవాళ్లంతా ఆ దారినే నడిచారు. ఇక్కడే చాలామంది తికమక పడుతుంటారు. అప్పట్లో పట్టా నడిమి నుంచి పట్టా నడిమికి కొలిచేవారు: ఒకటో నంబరుకు 48 మిల్లీమీటర్లు, రెండుకు 54, మూడుకు 75. ఇప్పుడు పట్టాల లోపలి అంచుల మధ్య కొలుస్తున్నాం. ఆ లెక్కన ఒకటో నంబరు 45, తర్వాత వచ్చిన సున్నా నంబరు 32. పాత కేటలాగులో 48 అని, అమ్మేవాడి చీటీలో 45 అని ఉంటే రెండూ ఒకటే. అన్నిటికంటే తేలిక పద్ధతి ఒకటుంది: ఒక పాత పట్టా ముక్క కొని జేబులో వేసుకోండి, బండిని దాని మీద పెట్టి చూడండి.

4. చేతి రంగా, అచ్చు రంగా?

భూతద్దంతో చూసినప్పుడు చిన్న చిన్న చుక్కలు కలిసి రంగుగా కనిపిస్తే అది రేకు మీద అచ్చు వేసినది, అంటే లితోగ్రఫీ. కిటికీల చుట్టూ నీడలు, తలుపు పిడులు, రివెట్లు కూడా బొమ్మగా అచ్చయి, వేలితో తడిమితే నున్నగా తగిలితే అదీ అచ్చే. అచ్చువి తక్కువ రకమని అనుకోవద్దు. కారెట్ అచ్చు పెట్టెలు ఎంతో అందంగా ఉంటాయి. కాకపోతే చేతి రంగు ధర పెట్టి అచ్చు పెట్టె కొనకూడదు.

చేతి రంగులో గీత మొదలైన చోట కాస్త లావుగా, కుంచె ఎత్తిన చోట సన్నగా ఉంటుంది. పెట్టె కుడిపక్క గీత, ఎడమపక్క గీత అచ్చంగా ఒకేలా ఉండవు. టార్చిని పక్కవాటుగా పెట్టి చూడండి, గీత మట్టం కంటే వెంట్రుకవాసి పైకి లేచి కనిపిస్తుంది. మూలల్లో రంగు కొంచెం గుమిగూడి ఉంటుంది. అతుకులు కూడా ఆధారమే: చేతి రంగు పెట్టెల్లో టంకం ఎక్కువ, అచ్చు రేకుల్లో నాలుకల్లాంటి కొసలను గాడిలో దూర్చి మడిచింది ఎక్కువ. టంకం వేడికి అచ్చు రంగు మాడిపోతుంది, అందుకే ఈ తేడా.

చాలామంది చేసే పొరపాటు ఇది: అక్షరాలు, రాజముద్రలు మరీ చక్కగా ఉన్నాయని బండి మొత్తం కొత్తదని తీర్మానించేస్తారు. అక్షరాలకు, ముద్రలకు ఆ రోజుల్లోనే అంటింపు బొమ్మలు, రబ్బరు ముద్రలు వాడేవారు. అవి చక్కగా ఉండటం తప్పు కాదు.

5. రంగు మొదటిదా, మళ్లీ వేసినదా?

దీనికి తీరిగ్గా అరగంట కేటాయించండి. అమ్మేవాడు తొందరపెడితే వస్తువు కింద పెట్టేసి వచ్చేయండి.

మొదట అరుగుదల చూడండి. నిజంగా ఆడుకున్న బొమ్మ అరిగే చోట్లు తెలిసినవే: స్ప్రింగుకు కీ ఇచ్చే తాళంచెవి రంధ్రం చుట్టూ, పొగగొట్టం అంచు, కప్పు మూలలు, కొక్కేల దగ్గర, పిల్లాడి వేళ్లు పట్టుకునే నడుము. కీ రంధ్రం చుట్టూ ఒక్క గీత లేకుండా, మిగతా ఒళ్లంతా సమానంగా అరిగి ఉంటే అనుమానించండి. గరుకు కాగితం పెట్టి పాతగా చేసినవాటి గీతలన్నీ ఒకే దిక్కుకు పోతాయి.

తర్వాత పెచ్చు ఊడిన చోట అంచును భూతద్దంతో చూడండి. మొదటి రంగైతే పగులు అంచు పదునుగా ఉండి, లోపల నల్లబడిన తగరమో తుప్పో కనిపిస్తుంది. మళ్లీ వేసిన రంగు ఆ గుంతలోకి కూడా దిగి, అంచులను గుండ్రంగా కప్పేస్తుంది. సొట్ట అడుగున కూడా రంగు నిగనిగలాడుతోందంటే సొట్ట ముందు పడింది, రంగు తర్వాత వచ్చింది. రెండు పొరల మధ్య వేరే రంగు తొంగిచూస్తోందేమో కూడా చూడండి.

మూడోది అడుగుభాగం. మళ్లీ రంగు వేసేవారు పైపైన శ్రద్ధ పెట్టి, లోపలి మూలల్లో, ఇరుసుల వెనక తుంపర్లు వదిలేస్తారు. చక్రాల మీద, పాత టంకం మీద రంగు తుంపర్లుంటే అది స్ప్రే పని.

నాలుగోది అతినీలలోహిత టార్చి. చీకటి గదిలో వెయ్యండి. చేసేది ఒకటే, ఒక చోటును ఇంకో చోటుతో పోల్చడం. ఎరుపు పక్కలో ఒక ముక్క మాత్రమే వేరుగా మెరిస్తే అక్కడ తర్వాత చెయ్యి పడిందని అర్థం. మొత్తం మెరిసినంత మాత్రాన నకిలీ అనుకోకండి. పాత వార్నిష్, పాత జింకు తెలుపు కూడా మెరుస్తాయి. ఈ ఒక్క పరీక్ష నమ్ముకుని మంచి పెట్టెను వదిలేసుకున్నవారు నాకు తెలుసు.

ఐదోది అయస్కాంతం. గుడ్డ చుట్టి మెల్లగా ఆనించండి, లాగకండి. ఇనుప రేకు అంతటా ఒకే బలంతో పట్టాలి. ఒకచోట పట్టు సడలితే ఆ రంగు కింద సొట్ట పూడ్చిన పుట్టీ ఉంటుంది. ఇత్తడి అలంకారాలకు అయస్కాంతం పట్టదు, అది సహజమే.

ఆవిరి ఇంజిన్లకు మాత్రమే పనికొచ్చే మాట ఒకటి. స్పిరిట్ దీపం వెలిగించి నడిపే ఇంజిన్ ఒక్కసారి నడిచినా, దీపం పైన, బాయిలర్ పక్కల రంగు బొబ్బలెక్కుతుంది, మాడుతుంది. "బాగా నడిచింది, రంగు మాత్రం కొత్తలా ఉంది" అని అమ్మేవాడు అంటే ఆ రెండూ ఒకేచోట పొసగవు.

6. రాతలు, ముద్రలు, మరలు

- జీబీఎన్ అనే అక్షరాలుంటే బింగ్, మొదటి ప్రపంచయుద్ధం నాటికి ముందువి. యుద్ధం తర్వాత బీడబ్ల్యూ అయింది.
- కారెట్ న్యూరెంబర్గ్‌లో 1886లో మొదలై 1917లో మూతపడింది. 1920ల నాటి కారెట్ అని ఎవరైనా అంటే తేదీ తప్పు, లేదా పేరు తప్పు.
- "డీ ఆర్ గే ఎమ్" అనే ముద్ర జర్మనీలో 1891 నుంచి ఇచ్చిన నమూనా నమోదుది.
- "మేడ్ ఇన్ జర్మనీ" ముద్ర 1887 బ్రిటన్ చట్టం వల్ల ఎగుమతి సరుకు మీదికి వచ్చింది. ముద్ర లేనంత మాత్రాన 1887కు ముందుదని అర్థం కాదు, సొంత దేశంలో అమ్మినవాటికి అది అక్కర్లేదు.
- "యూఎస్ జోన్" అని ఉంటే అది రెండో ప్రపంచయుద్ధం తర్వాతది.

రైల్వే పేర్లు ఇంతకంటే గట్టి సాక్ష్యం. బ్రిటన్‌లో చిన్న చిన్న రైల్వేలన్నిటినీ 1923 జనవరి 1న నాలుగు పెద్ద సంస్థలుగా కలిపారు. ఎల్ఎమ్ఎస్, ఎల్ఎన్ఈఆర్ పేర్లు అప్పుడు పుట్టినవే. ఆ పేరున్న పెట్టెను 1910 నాటిదని అమ్మజూపితే నమస్కారం పెట్టి ముందుకు నడవండి. ఫ్రాన్స్‌లో జాతీయ రైల్వే సంస్థ ఎస్ఎన్‌సీఎఫ్ 1938లో వచ్చింది. జర్మనీ బొమ్మ మీద ఇంగ్లండ్ రైల్వే పేరు చూసి కంగారు పడక్కర్లేదు. బింగ్, కారెట్ సంస్థలు ఇంగ్లండ్‌లో నార్తాంప్టన్‌లోని బాసెట్-లోక్ అనే బొమ్మ రైళ్ల సంస్థ కోసం ఇంగ్లండ్ రైళ్ల నమూనాలు చేసిపెట్టాయి.

ఇక మరలు. తలపై కూడిక గుర్తు గాడి ఉండే ఫిలిప్స్ మరలు వచ్చింది 1930ల్లో. 1905 నాటి ఇంజిన్‌లో ఆ మర కనిపిస్తే ఎవరో విప్పి బిగించారు. అంతమాత్రాన కొనకూడదని కాదు, ధర దించమని అడగండి, లోపల ఏం మార్చారో అడగండి.

మేర్క్లిన్ తన పాత నమూనాలను తానే మళ్లీ చేసి అమ్మింది. స్పెయిన్‌లోని పాయా సంస్థ కూడా అలాగే చేసింది. అవి నకిలీలు కావు, మంచి పనితనమే. వాటి ముద్రను చెరిపేసి పాతవిగా అమ్మడమే మోసం. అందుకే అడుగున గీకినట్టున్న చోటు ఉందేమో తప్పక చూడండి.

7. కీ, చక్రాలు

కీ రెండు చుట్లకు మించి ఇవ్వకండి. చక్రాన్ని వేలితో ఆపి, మెల్లగా వదులుతూ చూడండి. గాల్లో పూర్తి వేగంతో తిరగనివ్వకండి. ఎండిన పాత గ్రీజుతో పళ్లచక్రాలు విరుగుతాయి. స్ప్రింగు బిగిసిపోయి ఉంటే గడియారాలు బాగుచేసే వారికి ఇవ్వండి, మీరు విప్పకండి. చుట్టి ఉన్న స్ప్రింగు ఎగిరితే వేళ్లు తెగుతాయి.

1920ల చివర్లో, 1930ల్లో పోత చక్రాలకు వాడిన జింకు మిశ్రమంలో సీసం కలిసిపోయిన చోట చక్రం ఉబ్బి, పగిలి, పొడి అవుతుంది. దానికి మందు లేదు. చక్రాల మీద సన్నటి పగుళ్లు కనిపిస్తే చక్రాలు మార్చాల్సి వస్తుందని లెక్కేసుకునే ధర మాట్లాడండి.

ఆవిరి ఇంజిన్‌ను వెలిగించకండి. వందేళ్ల నాటి టంకం, బిగుసుకుపోయిన సేఫ్టీ వాల్వు, లోపల మరిగే నీళ్లు. అలా చూసుకోవడానికే ఉంచండి.

8. ధర మాట్లాడేటప్పుడు

జర్మనీ సంతల్లో చెవిన పడే నాలుగు మాటలు తెలిస్తే సగం పని అయినట్టే. "ఒరిగినాల్ లాక్" అంటే మొదటి రంగు. "నాఖ్‌లకీర్ట్" అంటే మళ్లీ రంగు వేసినది. "హాంట్‌లకీర్ట్" చేతి రంగు, "ఊర్‌వెర్క్" కీ ఇచ్చి నడిపేది. "రెస్టౌరీర్ట్" అన్నారంటే ఎక్కడెక్కడ, ఎంత అని విడమరిచి అడగండి, జవాబు రసీదు మీద రాయించుకోండి.

అమెరికాలో సీ-1 నుంచి సీ-10 దాకా స్థితిని అంకెలతో చెబుతారు, పది అంటే అట్టపెట్టెలోంచి అప్పుడే తీసిన కొత్తదానిలా. చేతి రంగు పాత బొమ్మల్లో అలాంటివి కనిపించడమే అరుదు. సీ-5, సీ-6 అయినా మొదటి రంగుతో ఉన్నది దొరికితే తీసుకోండి. మళ్లీ రంగు వేసి తళతళలాడే దానికంటే పెచ్చులూడిన అసలుదే నేనైతే ఎంచుకుంటాను.

వేలంలో పాట ఆగిన ధరే మీరు కట్టేది అనుకోవద్దు. దాని మీద వేలం ఇంటి రుసుము, పన్ను, ప్యాకింగు, రవాణా కలుస్తాయి. రుసుమే చాలాచోట్ల 20 శాతం పైమాటే. ఇంటి నుంచి బయలుదేరేముందే మొత్తం కలిపి గరిష్ఠ అంకె నోటుబుక్కులో రాసుకోండి, దాన్ని దాటకండి.

9. శుభ్రం చేయడం

అందరికంటే ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే, అదీ ప్రేమతోనే జరుగుతుంది. మన ఇళ్లలో పాత లోహం కనపడగానే చింతపండు, నిమ్మ ఉప్పు, ఇత్తడి తోమే పొడి చేతికొస్తాయి. ఈ రైలు దగ్గరికి వాటిని రానివ్వకండి. గిన్నెల సబ్బు, పళ్ల పేస్టు, తుప్పు వదిలించే స్ప్రే, టర్పెంటైన్, ఏదీ వద్దు. నేను కొన్న తొలి పెట్టెల్లో ఒకదాన్ని అంతకుముందు యజమాని సబ్బునీళ్లతో కడిగాడు. పసుపు గీత ఒకపక్క పూర్తిగా పోయింది. ఆ గీతను ఎవరూ తిరిగి తేలేరు.

వరస ఇది:

మొదట పొడి కుంచెతో దుమ్ము దులపండి. చాలాసార్లు ఇంతటితో ఆగిపోవచ్చు. ఇంకా మురికి ఉంటే అడుగున, కనపడని చోట పరీక్ష చేయండి: ఇయర్ బడ్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, పిండి, చెమ్మ మాత్రమే మిగిల్చి, రుద్దకుండా దొర్లించండి. బడ్ బూడిదరంగు అయితే అది మురికి. ఎరుపో ఆకుపచ్చో అంటితే అది రంగు, అక్కడికక్కడే ఆపేయండి. ఒక్కో రంగుకు ఈ పరీక్ష విడిగా చేయాలి. ఎరుపు పర్వాలేదని పసుపూ పర్వాలేదనుకోకండి.

పరీక్షలో నిలిస్తే అంగుళం మేర మాత్రమే తుడిచి, వెంటనే పొడి బడ్‌తో చెమ్మ తీసేయండి. అతుకుల్లోకి నీళ్లు దిగకూడదు. పెచ్చులు లేచి ఉన్న చోట బడ్ పెట్టనే వద్దు. రంగు గట్టిగా ఉన్నచోట మైక్రోక్రిస్టలైన్ మైనం పల్చగా రాసి మెత్తటి గుడ్డతో ఒత్తొచ్చు. రంగు లేని అడుగు రేకు మీద రాలే తుప్పును కుంచెతో దులిపి, ఊరుకోండి.

యంత్రానికి గడియారం నూనె సూదిమొనతో ఒక్క బొట్టు. కొబ్బరినూనె వేస్తే కొన్నాళ్లకు జిగురై మొత్తం పట్టేస్తుంది.

సరిగా చేశారో లేదో ఎలా తెలుస్తుంది? ముందూ తర్వాతా ఒకే దీపం కింద, ఒకే దూరం నుంచి ఫోటో తీయండి. గీతల సంఖ్య, వెడల్పు అలాగే ఉండి, బొమ్మ కాస్త తేటపడితే చాలు. "కొత్తదానిలా మెరిసిపోతోంది" అనిపిస్తే మీరు రంగు పైపొరను తీసేశారు.

జాగ్రత్త: ఈ పాత రంగుల్లో సీసం ఉంటుంది. గరుకు కాగితం పెట్టకండి, ఊదకండి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. వంటగది బల్ల మీద ఈ పని వద్దు. పిల్లలకు చూపించండి, చేతికివ్వకండి.

10. దాచడం

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉన్నవారికి ఉప్పుగాలే పెద్ద శత్రువు. మూత బిగువుగా పట్టే గాజు అల్మరా, లోపల తేమ చూపించే చిన్న మీటరు, సిలికా జెల్ సంచులు పెట్టుకోండి. తేమ 50 శాతం లోపు, పెద్దగా ఎక్కిదిగకుండా ఉంటే మంచిది. సిలికా జెల్ తేమతో నిండిపోతుంది, మీటరు పైకి పోతుంటే మార్చండి. ఎండ పడే గోడ వద్దు, లోపల వేడెక్కే బల్బు వద్దు.

ఓక్ చెక్క, కొత్త ప్లైవుడ్ ఆమ్లపు ఆవిరి వదులుతాయి, సీసం భాగాలు తెల్లగా పొడి పట్టేది దానివల్లే. రంగు కాల్చి పూసిన స్టీలు అల్మరా మేలు. న్యూస్‌పేపరు చుట్టకండి, ప్లాస్టిక్ సంచిలో కట్టేయకండి, ఆమ్లం లేని టిష్యూ కాగితం వాడండి. కలరా ఉండలు కూడా వద్దు, వాటి ఆవిరి రంగు మీద పేరుకుంటుంది.

ప్రతి బండికీ నోటుబుక్కులో ఒక పేజీ ఇవ్వండి: కొన్న తేదీ, ఎక్కడ, ఎంతకు, కొలతలు, ముద్రలు, ప్రతి పెచ్చు ఎక్కడుందో, ఆరు వైపుల ఫోటోలు. 2005 జనవరిలో గోపింగెన్‌లోని మేర్క్లిన్ మ్యూజియంలోనే దొంగలు పడి అరుదైన రైళ్లు ఎత్తుకుపోయారు, తర్వాత అవి దొరికాయి. పోయినది మీదేనని చూపించగలిగేది ఆ పెచ్చుల ఫోటోలే, రెండు బండ్లకు ఒకేలా పెచ్చులూడవు.

ఇండియాకు తెచ్చుకోవాలంటే

విదేశాల్లో ఉన్న కొడుకో కూతురో పార్శిల్ చేసేస్తారని అనుకోకండి. వాడిన వస్తువుల దిగుమతికి పరిమితులున్నాయి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర నిబంధన కూడా వచ్చింది, పార్శిల్ మీద "టాయ్" అని మాత్రమే రాసి ఉంటే అక్కడే ఆగిపోవచ్చు. వందేళ్లు దాటిన ప్రాచీన వస్తువులకు కస్టమ్స్‌లో 9706 అనే వేరే శీర్షిక ఉంది. దేని కింద వస్తుందో పంపకముందే కస్టమ్స్ బ్రోకర్‌ను అడగండి. వయసు, తయారీదారు వివరాలున్న రసీదు లేదా వేలం కాగితం తప్పకుండా జతచేయండి.

తెచ్చాక తిరిగి బయటికి అమ్మాలనుకుంటే ఇంకో చిక్కు. 1972 ప్రాచీన వస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ప్రాచీన వస్తువులను సొంతంగా దేశం దాటించకూడదు. మీ రైలు ఆ లెక్కలోకి వస్తుందో రాదో భారత పురావస్తు శాఖను అడిగి, కాగితం చేతికొచ్చాకే కొనేవారికి మాటివ్వండి.